చవక బియ్యం, తగ్గిన అన్నం: ధరా ఆదాయమూ డిమాండ్‌ను నడిపే తీరు

1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో బియ్యాన్ని 2 రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ధర 1990లలో పెరిగి, 2008లో మళ్ళీ 2 రూపాయలకు చేరి, 2011లో రూపాయికి దిగి, 2023 జనవరి నుంచి జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డుదారులకు పూర్తిగా ఉచితమైంది. ధర తగ్గితే కొనుగోలు పెరుగుతుందని ఇంటర్మీడియట్ అర్థశాస్త్రం మొదటి పాఠాల్లోనే చదువుకుంటాం. కానీ జాతీయ నమూనా సర్వే లెక్కల ప్రకారం గ్రామీణ భారతంలో ఒక మనిషి నెలకు తినే ధాన్యం 1993-94లో 13.4 కిలోలు ఉండగా, 2011-12లో 11.2 కిలోలకు తగ్గింది. 2022-23 నాటికి 10 కిలోల లోపుకు వచ్చింది. ఈ అంకెలు దేశమంతటివి, బియ్యంతో పాటు గోధుమ, జొన్న, సజ్జ వంటివన్నీ కలిపినవి. అయినా ప్రశ్న నిలిచే ఉంటుంది: రేషన్ ధాన్యం మొత్తం మీద చవకవుతూ వచ్చిన కాలంలోనే ధాన్యం వాడకం ఎందుకు తగ్గుతూ వచ్చింది? డిమాండ్ సూత్రం తప్పా?

సూత్రం తప్పు కాదు. అయితే దాన్ని ఒక్క వాక్యంగా గుర్తుపెట్టుకోవడం వల్ల అందులోని సగం విషయం మన చూపు దాటిపోతుంది. ధరలో వచ్చే ప్రతి మార్పులోనూ రెండు వేర్వేరు మార్పులు కలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూడడం అలవాటైతే రేషన్ బియ్యం, మదనపల్లె టమాటా, గ్యాస్ సిలిండర్, ఉచిత బస్సు అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి.

ముందుగా ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. ఒక వస్తువు సొంత ధర మారినప్పుడు కొనే పరిమాణం మారుతుంది. అంటే ఒక్కో ధరకు ఎంత కొంటామో చూపే అదే డిమాండ్ రేఖ మీద మనం ఒక బిందువు నుంచి మరో బిందువుకు జరుగుతాం. ఆదాయం, ఇతర వస్తువుల ధరలు, అభిరుచులు, అవసరాలు మారినప్పుడు రేఖే పక్కకు జరుగుతుంది. ధాన్యం వాడకం తగ్గడానికి శారీరక శ్రమ తగ్గడం, ఆరోగ్య పరిస్థితులు మెరుగుపడడం కారణాలు కావచ్చునని ఆర్థికవేత్తలు ఆంగస్ డీటన్, జీన్ డ్రెజ్ 2009లో వాదించారు. నాగలి పోయి ట్రాక్టర్ వచ్చినప్పుడు, నీళ్ళ బిందె మోయవలసిన దూరం తగ్గినప్పుడు ఒంటికి కావలసిన తిండే తగ్గుతుందన్నది ఆ వాదన సారం. అది రేఖ జరగడానికి ఉదాహరణ. ధరకు, ఆదాయానికి సంబంధించిన కథ దానికి తోడుగా నడుస్తుంది, దానికంటే చిక్కుగా కూడా ఉంటుంది.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. నెలకు 4 కిలోల కోడిమాంసం, కిలో 200 రూపాయల చొప్పున, మొత్తం 800 రూపాయలకు కొంటోంది. ధర 250కి పెరిగింది. ఇప్పుడు రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. మొదటిది, గుడ్లతో, చేపతో, పప్పుతో పోలిస్తే కోడిమాంసం ప్రియమైంది. రెండవది, పాత నెలలో కొన్నట్టే అన్నీ కొనాలంటే ఆ ఇంటికి ఇంకో 200 రూపాయలు కావాలి, అంటే జీతం మారకపోయినా ఆ ఇల్లు 200 రూపాయల మేర పేదదైంది. ఇప్పుడు ఎవరో ఆ 200 రూపాయలు చేతిలో పెట్టారనుకోండి. కుటుంబం పాతలాగే 4 కిలోలు కొనగలదు, కానీ కొనకపోవచ్చు. ఆ డబ్బులో కొంత గుడ్ల వైపు మళ్ళించి 3.4 కిలోలతో సరిపెట్టుకోవచ్చు. పేదరికం లేకుండా కేవలం ధరల పోలిక మారడం వల్ల తగ్గిన ఆ 0.6 కిలోను ప్రత్యామ్నాయ ప్రభావం అంటారు. ఆ 200 వెనక్కి తీసుకుంటే వాడకం 3 కిలోలకు పడిపోయిందనుకుంటే, రెండోసారి తగ్గిన 0.4 కిలో ఆదాయ ప్రభావం. బజారులో మనకు కనిపించేది మాత్రం 4 నుంచి 3కు పడిన మొత్తం మార్పు ఒక్కటే.

ఈ విభజనను గణిత రూపంలో మొదట చూపించినది కీవ్‌లో పనిచేసిన ఆర్థికవేత్త ఎవ్గెనీ స్లుట్‌స్కీ. ఆయన వ్యాసం 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక ఇటాలియన్ పత్రికలో అచ్చయి, చాలా ఏళ్ళు ఎవరికంటా పడలేదు. 1934లో ఇంగ్లండ్‌లో జాన్ హిక్స్, రాయ్ ఆలెన్ దాదాపు అదే ఫలితాన్ని స్వతంత్రంగా రాబట్టిన తరువాతే స్లుట్‌స్కీకి దక్కవలసిన గుర్తింపు దక్కింది. పాత సరుకుల బుట్టను కొనగలిగినంత డబ్బు తిరిగి ఇవ్వాలని స్లుట్‌స్కీ లెక్క కడితే, పాత తృప్తిని నిలబెట్టగలిగినంత ఇవ్వాలని హిక్స్ లెక్క కట్టారు. ధరలో మార్పు చిన్నదైతే రెండు లెక్కల మధ్య తేడా పట్టించుకోనక్కర్లేనంత తక్కువ.

ప్రత్యామ్నాయ ప్రభావం దిశ ఎప్పుడూ ఒక్కటే: ప్రియమైన వస్తువు నుంచి దూరంగా, చవకైన వస్తువు వైపు. ఆదాయ ప్రభావానికి అలాంటి స్థిరమైన దిశ లేదు. అది ఎంత బలంగా ఉంటుందన్నది రెండు సంగతుల గుణకారం మీద ఆధారపడుతుంది: ఆ వస్తువుకు ఇంటి ఖర్చులో ఉన్న వాటా ఒకటి, ఆదాయం మారినప్పుడు ఆ వస్తువు వాడకం ఎంత స్పందిస్తుందన్నది రెండవది. నా దృష్టిలో డిమాండ్ సిద్ధాంతం మొత్తంలో సామాన్య పాఠకుడికి అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడే సంగతి ఈ గుణకారమే, ఎందుకంటే ఏ ధర పెరిగితే ఎవరికి నొప్పి కలుగుతుందో అది ముందే చెప్పేస్తుంది.

2023 జూలైలో టమాటా కిలో 100 రూపాయలు దాటి చాలా పట్టణాల్లో అంతకంటే పైకి పోయినప్పుడు తెలుగిళ్ళలో జరిగినదాన్ని ఈ లెక్కతో చూడవచ్చు. టమాటాకు ఇంటి ఖర్చులో ఉన్న వాటా చిన్నది. కాబట్టి ఆదాయ ప్రభావం కూడా చిన్నదే. జరిగినదంతా దాదాపుగా ప్రత్యామ్నాయ ప్రభావం. పైగా మన వంటలో పులుపుకు కొదవ లేదు. చారులోకి చింతపండు, పప్పులోకి గోంగూర, చుక్కకూర, మామిడికాయ ఉన్నాయి. టమాటా లేకుండా వండుకునే పద్ధతులు టమాటా మన నేలకు రాకముందు నుంచీ ఉన్నవే. వంటింట్లో ఇంత సులువుగా చోటు మార్చుకోగల వస్తువుకు గిరాకీ ఆ మేరకు ధరకు స్పందిస్తుంది. పూర్తిగా మానేయడం మాత్రం జరగదు, ఎందుకంటే హోటళ్ళకు, టమాటా కూరకు అలవాటుపడ్డ ఇళ్ళకు చింతపండు అన్నిచోట్లా సరిపోదు.

బియ్యం సంగతి వేరు. 1999-2000లో గ్రామీణ భారతంలో కుటుంబ వ్యయంలో ధాన్యాల వాటా సుమారు 22 శాతం. 2011-12లో అది దాదాపు 10.7 శాతం. 2022-23లో 5 శాతం కంటే కొంచెం తక్కువ. ఈ చివరి అంకె ఉచితంగా అందిన ధాన్యానికి విలువ కట్టకుండా వేసినది. విలువ కడితే కొంత పెరుగుతుంది, కానీ ఎటు పోతోందన్న దిశ మారదు. 22 శాతం ఖర్చు ధాన్యం మీద పెట్టే ఇంట్లో ధర పదిశాతం పెరిగితే ఆ ఇంటి నిజ ఆదాయం, అంటే ఆదాయానికి ఉన్న కొనుగోలు శక్తి, 2.2 శాతం కోసుకుపోయినట్టు. 5 శాతం పెట్టే ఇంట్లో అదే పెరుగుదల అర శాతం మాత్రమే కోస్తుంది. ఒక తరం క్రితం బియ్యం ధర ప్రభుత్వాలను కూల్చగలిగినంత రాజకీయ విషయం కావడానికి ఈ వాటా ఒక ప్రధాన కారణమని నేను నమ్ముతాను.

ఆదాయం పెరిగేకొద్దీ ఆహారానికి పెట్టే వాటా తగ్గుతుందని 1857లోనే శాక్సనీ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్, బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చుల పట్టికలు పరిశీలించి చెప్పాడు. ఇక్కడ తగ్గేది వాటా అన్న సంగతి మరవకూడదు; ఆహారం మీద పెట్టే రూపాయలు పెరుగుతూనే ఉండవచ్చు. 2022-23 గృహ వినియోగ సర్వేలో గ్రామీణ కుటుంబాల వ్యయంలో ఆహారం వాటా సుమారు 46 శాతం, పట్టణాల్లో సుమారు 39 శాతం. 1999-2000లో ఇవి వరుసగా 59, 48 శాతాలు. ఆ ఆహారం లోపల కూడా స్థానాలు మారుతున్నాయి. ధాన్యం వెనక్కి తగ్గి, పాలు, గుడ్లు, చేప, మాంసం, పండ్లు, బయట కొనే చిరుతిళ్ళు ముందుకు వస్తున్నాయి.

ఆదాయం పెరిగినప్పుడు వాడకం పెరిగేవి సాధారణ వస్తువులు. తగ్గేవి నాసిరకం వస్తువులు. ఈ రెండో పేరుకు నాణ్యతతో సంబంధం లేదు, ఆదాయంతో ఉన్న సంబంధమే దానికి ఆధారం. అందుకే ఒకే వస్తువు ఒక కాలంలో ఒక వర్గంలోనూ, ఇంకో కాలంలో మరో వర్గంలోనూ ఉండగలదు. దీనికి జొన్నను మించిన సాక్ష్యం మన దగ్గర లేదు. ఒకప్పుడు తెలంగాణలోనూ రాయలసీమలోనూ జొన్నరొట్టె, జొన్న సంకటి, రాగిసంకటి మెట్టనేల బతుకుల రోజువారీ తిండి. కాస్త కలిసివచ్చిన ఇంట్లో ముందు మారేది ఆ కంచమే, తెల్లన్నం అంతస్తుకు గుర్తు. ఇవాళ నగరాల్లో చక్కెర వ్యాధి భయంతో, ఆరోగ్య స్పృహతో బియ్యం కంటే ఎక్కువ ధర పెట్టి అవే జొన్నలు, రాగులు, కొర్రలు కొంటున్నది ఆదాయం ఉన్నవారే. ఆదాయం పెరగ్గానే వదిలేసిన ధాన్యం, ఆదాయం ఇంకా పెరిగాక తిరిగి బుట్టలోకి వచ్చింది.

ఇప్పుడు రేషన్ బియ్యం దగ్గరికి వెళదాం. ఆహార భద్రతా చట్టం కింద మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు వస్తాయి. నలుగురున్న ఇంట్లో 20 కిలోలు. ఆ ఇల్లు నెలకు 35 కిలోలు వండుకుంటుందనుకుంటే మిగిలిన 15 కిలోలు అంగట్లో కొనాలి. ఇంకో కిలో తినాలా వద్దా అని ఆ ఇంటి ఇల్లాలు ఆలోచించేటప్పుడు ఆమె ముందున్న ధర రేషన్ ధర కాదు, అంగడి ధరే. రేషన్ బియ్యాన్ని రెండు రూపాయల నుంచి రూపాయికి, రూపాయి నుంచి సున్నాకు తగ్గించినా ఆ చివరి కిలో ధర కదలదు. ధరల పోలిక మారదు గనుక ప్రత్యామ్నాయ ప్రభావం శూన్యం. మిగిలేది ఆదాయ ప్రభావమే: అంగట్లో బియ్యం కిలో 45 రూపాయలైతే ఆ 20 కిలోలు నెలకు 900 రూపాయలు చేతికిచ్చినట్టు. ఆ 900 ఎటు పోతుందన్నది బియ్యానికి ఆదాయంతో ఉన్న సంబంధం తేలుస్తుంది. కడుపు నిండా తింటున్న ఇంట్లో అది బియ్యానికి పోదు. గుడ్లకు, పాలకు, పిల్లల ఫీజుకు, ఫోన్ రీచార్జికి పోతుంది. చవక బియ్యం బియ్యం వాడకాన్ని పెంచకపోవడంలో వింత లేదు, అలాగని ఆ పథకం విఫలమైనట్టూ కాదు. అది ఆదాయ పథకంగా పనిచేసింది, పాలలోనూ గుడ్లలోనూ దాని ఫలితం వెతకాలి.

అయితే ఈ తర్కం ఒక షరతు మీద నిలబడుతుంది: కోటా అవసరం కంటే తక్కువగా ఉండాలి. 1983 నాటి మెట్టప్రాంతపు ఇంటికి ఈ షరతు వర్తించకపోవచ్చు. జొన్నే ప్రధానంగా తిని, పండగకో చుట్టం వచ్చినప్పుడో బియ్యం వండుకునే ఇంటికి నెలకు వచ్చిన రేషన్ బియ్యం, అంతకుముందు ఆ ఇల్లు కొంటున్న బియ్యం కంటే ఎక్కువ. ఆ ఇంటికి చివరి కిలో బియ్యం ధర నిజంగానే 2 రూపాయలకు పడిపోయింది. జొన్నతో బియ్యం పోలిక తలకిందులైంది, ప్రత్యామ్నాయ ప్రభావం పూర్తి బలంతో పనిచేసింది, దానికి తోడు తెల్లన్నం పట్ల ఉన్న ఆదరణ వల్ల ఆదాయ ప్రభావం కూడా అదే దిశలో నెట్టింది. ఒకే జీవో, ఒకే ధర. కృష్ణా గోదావరి డెల్టాలో అది చేతిఖర్చుకు మిగిలిన డబ్బు, మెట్టలో అది కంచంలో ధాన్యాన్నే మార్చిన శక్తి. పథకాలను రాష్ట్ర సగటుతో కొలిచేవారు ఈ తేడాను పోగొట్టుకుంటారు.

రేషన్‌లో వచ్చిన దొడ్డు బియ్యాన్ని తినకుండా దళారులకు తక్కువ ధరకు అమ్మేయడం రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలిసిన విషయం. అది చట్టవిరుద్ధం. కానీ ఆర్థిక దృష్టిలో దాని అర్థం సూటిగా ఉంది: ఆ ఇంటి ఆదాయం దగ్గర దొడ్డు బియ్యం నాసిరకం వస్తువుగా మారిపోయింది, ఆ ఇంటికి దాని అసలు ధర దళారి ఇచ్చే ధరే. తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లో మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం పంపిణీ ప్రారంభించడం ఈ పరిస్థితికి నేరుగా ఇచ్చిన జవాబు. ఇంట్లో ఎలాగూ కొనే బియ్యం ఇస్తే అమ్ముకునే అవసరం తగ్గుతుంది, అంగట్లో సన్నబియ్యం మీద పెట్టే ఖర్చు మిగులుతుంది. అందుకే దొడ్డు బియ్యం కంటే సన్నబియ్యం ఇచ్చినప్పుడు ఆదాయ ప్రభావం రూపాయల్లో పెద్దది.

ఆదాయ ప్రభావం ప్రత్యామ్నాయ ప్రభావానికి ఎదురు నిలిచి దాన్ని ఓడించగలదా? ధర పెరిగితే వాడకం కూడా పెరిగే స్థితి ఉండవచ్చునని ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1895లో, రాబర్ట్ గిఫెన్ పేరు చెబుతూ రాశాడు. రొట్టె ధర పెరిగితే బ్రిటన్ పేద శ్రామిక కుటుంబాలు మాంసం వంటి ఖరీదైన తిండి మానుకొని, ఇంకా చవకగానే ఉన్న రొట్టెనే ఎక్కువ కొంటాయన్నది ఆ మాట. ఇందుకు 1840లలో ఐర్లండ్‌లో వచ్చిన బంగాళాదుంప కరువును చాలా పాఠ్యపుస్తకాలు ఉదాహరణగా ఇస్తాయి, కానీ ఆ ఉదాహరణ నిలవదు: తెగులుతో పంటే నాశనమైన చోట జనం ఎక్కువ దుంపలు ఎలా తినగలరు? నమ్మదగిన సాక్ష్యం చాలా ఆలస్యంగా, చైనా నుంచి వచ్చింది. ఆర్థికవేత్తలు రాబర్ట్ జెన్సెన్, నోలన్ మిల్లర్ హునాన్ రాష్ట్రంలోని పేద పట్టణ కుటుంబాలకు బియ్యం మీద రాయితీ కూపన్లు ఇచ్చి, 2008లో ఫలితాలు ప్రచురించారు. బియ్యం చవకైనప్పుడు ఆ కుటుంబాలు బియ్యం తగ్గించాయి, రాయితీ తీసేసినప్పుడు పెంచాయి. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఈ ప్రవర్తన అట్టడుగు కుటుంబాల్లో అంతగా కనబడలేదు. వాళ్ళ కంచంలో వదులుకోవడానికి బియ్యం తప్ప ఇంకేదీ పెద్దగా లేదు. కాస్త మాంసమో కూరో కొనగలిగినవారిలోనే అది బలంగా కనబడింది. ధర పెరిగితే కొనుగోలు పెరగడానికి మూడు షరతులు ఒకేసారి కుదరాలి: వస్తువు నాసిరకం కావాలి, ఖర్చులో దాని వాటా చాలా పెద్దది కావాలి, దానికి దగ్గరి ప్రత్యామ్నాయం ఉండకూడదు. అంతటి కలయిక అరుదు. అలాంటివాటిని గిఫెన్ వస్తువులు అంటారు. ఖరీదైతేనే కొనే నగలకు, కార్లకు ఈ పేరు పెట్టడం పొరపాటు. అక్కడ ధర అంతస్తును చూపించే గుర్తు, ఇక్కడ ధర కడుపును కోసే కత్తి.

ధరకు డిమాండ్ ఎంత స్పందిస్తుందో కొలిచే కొలతను డిమాండ్ వ్యాకోచత్వం అంటారు. అది ఒకటి కంటే తక్కువైతే, ధర తగ్గిన శాతం కంటే అమ్మకం పెరిగిన శాతం తక్కువ అని అర్థం. అప్పుడు ఎక్కువ పంట అమ్మినా చేతికి వచ్చే మొత్తం తగ్గుతుంది. కర్నూలు జిల్లా పత్తికొండ మార్కెట్‌లో టమాటా ధర పడిపోయిన రోజుల్లో రైతులు కాయలను రోడ్డు మీద పారబోసి పోవడం మళ్ళీ మళ్ళీ చూస్తున్నాం. దీనికి వినియోగదారు వైపు కారణం ఒకటి: కిలో 20 నుంచి 12కు దిగితే ఏ ఇల్లూ రెట్టింపు టమాటా వండుకోదు. ఇంకో కారణం మధ్యలో ఉంది. కోత కూలి, గంపలు, లారీ కిరాయి, కమీషన్, చిల్లర వ్యాపారి ఖర్చు కలిపి కిలోకు 10 రూపాయలనుకుంటే, అంగట్లో ధర 20 ఉన్నప్పుడు రైతుకు 10 వస్తుంది, 12 అయినప్పుడు 2 వస్తుంది. వినియోగదారు చూసిన తగ్గుదల 40 శాతం, రైతు చూసినది 80 శాతం. పట్నంలో కూరగాయల బుట్ట దగ్గర మామూలుగా అనిపించే తగ్గుదల, చేను గట్టు మీద సర్వనాశనంగా ఎందుకు కనిపిస్తుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. పంట ఎక్కువ పండించమని రైతుకు సలహా ఇచ్చే ప్రతి ఒక్కరూ, ఆ పంటకు డిమాండ్ వ్యాకోచత్వం ఎంతో ముందు చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఒక వస్తువు ధర ఇంకో వస్తువు డిమాండ్‌ను కదిలించే తీరుకు ఇటీవలి ఉదాహరణ ఉచిత బస్సు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. రేషన్ బియ్యంలా దీనికి కోటా లేదు. చివరి ప్రయాణానికి కూడా ధర సున్నాయే. అందువల్ల ప్రత్యామ్నాయ ప్రభావం పూర్తిగా పనిచేసి ఆటోల నుంచి బస్సులకు ప్రయాణికులు మళ్ళారు, గిరాకీ పోయిందని ఆటో డ్రైవర్లు రోడ్డెక్కారు. ఛార్జీ భయంతో వదులుకున్న ప్రయాణాలు, అంటే దూరపు ఊళ్ళో పని, ఆసుపత్రి, పుట్టిల్లు, ఇప్పుడు మొదలయ్యాయి. నెలకు మిగిలిన ఛార్జీ డబ్బు ఇంటి నిజ ఆదాయానికి కలిసింది. నష్టపోయిన ఆటో డ్రైవర్ బాధ నిజమైనది, దానికి పరిహారం విడిగా ఆలోచించాలి.

వంటగ్యాస్‌లో ఇంకో చిక్కు ఉంది. నేరుగా నగదు బదిలీ వచ్చాక రాయితీకి అర్హత ఉన్న వినియోగదారు సిలిండర్‌కు పూర్తి ధర చెల్లిస్తే, రాయితీ తరువాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. పైకి ఇది స్లుట్‌స్కీ చెప్పిన పరిహారంలా కనిపిస్తుంది, కానీ ఒక తేడా ఉంది: సిలిండర్ కొంటేనే ఆ డబ్బు వస్తుంది. కనుక లెక్క ప్రకారం అది ధర తగ్గింపే. చేతిలో ఎప్పుడూ డబ్బుండే ఇంటికి ధర ముందే తగ్గించినా, తరువాత జమచేసినా ఒకటే. కూలి డబ్బు వారం వారం వచ్చే ఇంటికి మాత్రం పూర్తి ధర ఒకేసారి కట్టగలగడమే అసలు అడ్డు. ఆ రోజు డబ్బు లేకపోతే ఆ ఇల్లు కట్టెల పొయ్యికి తిరిగిపోతుంది, ఖాతాలో పడవలసిన రాయితీ ఆ నెల పుట్టనే పుట్టదు. సిద్ధాంతం ధరను, ఆదాయాన్ని నెల మొత్తానికి లెక్కిస్తుంది. పేద ఇల్లు వాటిని రోజుల వారీగా ఎదుర్కొంటుంది. రాయితీని మినహాయించుకొని డెలివరీ దగ్గర తక్కువ ధర తీసుకోవడం, ముందు కట్టించుకొని తరువాత జమచేయడం ప్రభుత్వ పద్దులో ఒకే ఖర్చు. ఏ ఇంట్లో పొగ తగ్గాలని ఆ ఖర్చు పెడుతున్నామో ఆ ఇంట్లో మాత్రం మొదటి పద్ధతే ఎక్కువ సిలిండర్లు వాడిస్తుంది.